రెండు చొక్కాల మనిషి

చొక్కాకి చిరిగిన మోచేతి దగ్గర ముక్క వేసి కుడదామని ఒటీలియా ఆ అతిథిగారి సంచి తెరిచింది. పైన తమ ఊరి నీలం చొక్కా ఉంది. దాని కింద, నీటుగా మడతపెట్టి, కార్విల్ వాళ్ళ ఎర్ర చొక్కా ఉంది. ఆవిడ దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి మొగుడి ముందు బల్ల మీద పడేసింది. పోయినవారం మనం అక్కడ ఆగాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఒహాయో నది ఒడ్డున స్టోన్‌ఫెర్రీ ఒక ఉక్కు ఊరు. మిరో హవ్రాన్ వారమంతా కొలిమి ముందు చెమటోడ్చి, ఆదివారం మధ్యాహ్నం ఊరి ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అవుతాడు. ఒటీలియా అతని భార్య. ఆవిడ తమ్ముడు వింకో, రాగిజుట్టు వింకో, ఆ జట్టు మొత్తానికి కాళ్ళు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ ఇది; బంతి చేతికందితే వాణ్ణి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇవాళ కార్విల్‌తో పోటీ. ఈ పోటీ కోసమే సలూన్ నడిపే గ్రూబర్ ఎక్కడో కాలేజీలో చదువుకుంటున్న ఒక మొనగాణ్ణి తంతి కొట్టి పిలిపించాడు. డబ్బుకి ఆడారని తెలిస్తే కాలేజీవాళ్ళు మెడపట్టి గెంటేస్తారు గనక ఇలాంటివాళ్ళంతా మారుపేర్లతో వస్తారు, ఆడతారు, ఆ సాయంత్రమే రైలెక్కి మాయమైపోతారు. ఈ పెద్దమనిషి మారుపేరు వుడ్. గురువారం నుంచి మిరో ఇంట్లోనే మకాం. "నా ఇంట్లో ఉంచుకుంటాను, పూచీ నాది" అని గ్రూబర్‌కి చెప్పింది మిరోనే.

ఎర్ర చొక్కా చూడగానే మిరోకి తట్టిన ఆలోచన చెబితే మీరు నవ్వుతారు.

"రైల్లో సంచులు మారిపోయాయేమోనే" అన్నాడు.

"సంచి మారితే అందులోకి మన నీలం చొక్కా ఎలా వచ్చిందయ్యా? మొన్న దానికి మెడపట్టీ కుట్టింది నేను కాదూ?"

"మెల్లగా మాట్లాడు. పెరట్లో మొహం కడుక్కుంటున్నాడు."

"కడుక్కోనీ. ఎంత కడిగితే మాత్రం పోతుందా? నాలుగు రోజులుగా నా చేతి క్యాబేజీ పులుసు ఇంకో గరిటె, ఇంకో గరిటె అంటూ తాగుతున్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వెధవ!"

 మిరోకి భయం వేసింది. పొయ్యిలోంచి కరిగిన ఉక్కు పారుతుంటే పక్కన నిలబడే మనిషికి భయమేమిటని మీరనుకోవచ్చు. ఉక్కు ఎటు పారుతుందో అతనికి తెలుసు. ఈ చొక్కా ఎటు పారుతుందో తెలియదు.

పోయిన నెలలో డెల్బీ ఊరి జట్టు కార్విల్‌తో ఆడింది. కార్విల్ వైపు బ్లేక్ అనే అద్దె ఆటగాడు దిగాడు. డెల్బీ జట్టులో ఆస్కార్ లిండ్‌క్విస్ట్ అని, ఒకప్పుడు మిరో పక్క కొలిమిలో పనిచేసిన మనిషి, బంతితో పరిగెడుతూ పడ్డాడు. మళ్ళీ లేవలేదు. మిరో చూడ్డానికి వెళ్ళాడు. ఎద్దులాంటి మనిషి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. భార్య చెంచాతో పులుసు పోస్తుంటే సగం చెంప మీదుగా దిండు మీదికి కారింది. "మిరో, నా చేతులు నా దగ్గరే ఉన్నాయా?" అని అడిగాడు లిండ్‌క్విస్ట్. ఆ మాట మిరో ఒటీలియాకి ఈనాటిదాకా చెప్పలేదు. ఆ రోజు నుంచి బ్లేక్ పేరు వింటే స్టోన్‌ఫెర్రీలో ఆటగాళ్ళ పెళ్ళాలు శిలువ గుర్తు వేసుకుంటున్నారు.

పెరటి తలుపు తెరుచుకుంది. వుడ్ లోపలికొచ్చాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. భుజాన తువ్వాలు, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. బల్ల మీద ఎర్ర చొక్కా చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుంటాడేమో అనుకున్నారు మొగుడూ పెళ్ళాలు.

"దానికీ మోచెయ్యి చిరిగిందక్కా. చూశారా?" అన్నాడు.

ఒటీలియా చేతికి అందిన రొట్టెల కర్ర తీసుకుంది. మిరో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"కూర్చో" అన్నాడు వుడ్‌తో. "ఎవడివి నువ్వు?"

వుడ్ కూర్చున్నాడు. తువ్వాలుతో చెవులు తుడుచుకున్నాడు. 

"మీకు వుడ్‌ని. వాళ్ళకి బ్లేక్‌ని. మా అమ్మకు ఇంకో పేరుంది, అది మీకు అనవసరం."

  లిండ్‌క్విస్ట్‌ను ఆ గతికి తెచ్చిన మనిషి మిరో బల్ల దగ్గర, మిరో కుర్చీలో, పక్కింటి పిల్లలు నిన్న ఎక్కి ఆడుకున్న ఒళ్ళోనే తువ్వాలు మడత పెట్టుకుంటున్నాడు.

"బ్లేక్‌వా?" అంది ఒటీలియా. 

"కార్విల్ వాళ్ళ తంతి ముందొచ్చింది అక్కా. ఈ ఏడాదంతా వాళ్ళకే ఆడతానని ఒప్పుకున్నాను. తర్వాత మీ గ్రూబర్ గారి తంతి. మా కాలేజీలో గట్టివాడెవడని ఎవర్నో వాకబు చేసుంటారు. ఎవర్నడిగినా నన్నే చూపిస్తారు."

ఇక్కడ ఒక్క మాట నన్ను అననివ్వండి. అద్దె ఆటగాడి సంగతి పొరుగూరికి తెలియకూడదని రెండు ఊళ్ళవాళ్ళూ చేసిన గుట్టు ఇంతా అంతా కాదు. అసలు పేరు అడగరు, ఫోటో ఉంచరు, రైలు దిగగానే దొడ్డిదారిన తీసుకుపోతారు. అంత గుట్టుగా చేసి చివరికి ఇద్దరూ ఒకణ్ణే పిలిచి కూర్చున్నారు.

"తెలిసీ ఎందుకొచ్చావు?" అన్నాడు మిరో.

"తంతి తీసుకెళ్ళి కార్విల్ కెప్టెన్‌కి చూపించాను. టట్‌హిల్ అని, మీకు తెలుసుగా. పగలబడి నవ్వాడు. వెళ్ళరా, వాళ్ళు పెట్టింది తిను, వాళ్ళ అంకెలన్నీ నేర్చుకో, ఆదివారం ఎర్ర చొక్కా వేసుకుని మావైపు రా అన్నాడు."

 శుక్రవారం ఈ బల్ల మీదే చిక్కుడు గింజలు పరిచి, ఏ అంకె అరిస్తే ఎవడు ఎటు పరిగెడతాడో ఒక్కొక్కటీ ఓపిగ్గా నేర్పింది మిరోనే. వుడ్ ఎంత చురుగ్గా అందుకున్నాడో చూసి మురిసిపోయి ఇంకో గ్లాసు బీరు పోసింది కూడా తనే. పాముకి పాలు పోశాడు. ఇప్పుడు అంకెలు మార్చడానికి లేదు. కొలిమి పని చేసి చేసి అలిసిన పదకొండు మందికి అవి తలకెక్కడానికే నెల పట్టింది.

"ఇంకోటి కూడా చెప్పాడు" అన్నాడు వుడ్, ఈసారి ఒటీలియా వైపు చూడకుండా. "పోయినేడు మీ రాగిజుట్టు వాడు వాళ్ళను ఊరందరి ముందూ నవ్వులపాలు చేశాడట. ఈసారి వాడు పడితే లేవకూడదన్నాడు."

ఒటీలియా రొట్టెల కర్ర బల్ల మీద పెట్టి, మెల్లగా స్టూలు మీద కూలబడింది. తల్లి పోయినప్పుడు వింకో చంటిపిల్లాడు. పాలు పట్టింది, ఎత్తుకుని ఓడ ఎక్కించి ఈ దేశం తెచ్చింది ఆవిడే. తమ్ముడన్న మాటేగాని కొడుకే.

"ఇదంతా మాకెందుకు చెబుతున్నావు?" అన్నాడు మిరో.

వుడ్ తన అరచేతులు చూసుకున్నాడు. "మీరు సంచి తెరవకపోతే చెప్పేవాణ్ణో కాదో నాకు తెలీదన్నా. నిజం చెబుతున్నాను. కానీ నేను లిండ్‌క్విస్ట్ మెడ విరవలేదు. ఇద్దరం పడ్డాం అతని మీద. నడుం పట్టుకుంది నేను. పడ్డాక మెడ మీద మోకాలు దింపింది కెస్లర్. కార్విల్‌లో మాంసం కొట్టు వాడిది. వాడు వాళ్ళవాడు గనక వాడి పేరు ఎవడూ ఎత్తలేదు. బ్లేక్, బ్లేక్ అన్నారు అందరూ. లేని మనిషి మీద ఎంత పాపం వేస్తే మాత్రం ఎవడికి నొప్పి? ఆ చప్పుడు మాత్రం నా చెవుల్లోనే ఉంది. పచ్చి కొమ్మ విరిచినట్టు. నిద్ర పట్టట్లేదు."

అబద్ధమాడుతున్నాడా? మిరో అతని మొహంలో వెతికాడు. నాలుగు రోజులుగా అబద్ధమాడుతూ నవ్వుతూ తిరిగిన మొహం అది. దాంట్లో ఏం వెతుకుతాడు?

"అయితే నీలం చొక్కా వేసుకో. మా వైపు ఆడు" అన్నాడు.

"నేను మీ వైపు ఆడితే వాళ్ళ వరస కొసన ఖాళీ అయిన చోట కెస్లర్ నిలబడతాడు. వింకో వాడి చేతికి చిక్కుతాడు. అదే నేను వాళ్ళ వైపు ఆడాననుకోండి, మీ ఎడమ చేతి వైపు కొసన నిలబడేది నేనే. వింకోని నా వైపే పంపండి. ప్రతిసారీ ఎడమకే. నేను పడేస్తాను. పడేసినా లేచేలా పడేస్తాను. చూసేవాళ్ళకి చంపేశాడు అనిపించాలి, అంతే. నాలుగైదు సార్లు అలా పడ్డాక దెబ్బ తగిలిందని మీరు వాణ్ణి బయటికి పంపేస్తే టట్‌హిల్ కళ్ళు చల్లబడతాయి."

"అంటే మా పిల్లాణ్ణి నీ చేతిలో పెట్టమంటావు" అంది ఒటీలియా.

"అవునక్కా."

సరిగ్గా అప్పుడే వీధి తలుపు దభీమని తెరుచుకుంది. చర్చి నుంచి వింకో వచ్చాడు. ఒటీలియా చటుక్కున ఎర్ర చొక్కాను పిండి మీద కప్పే గుడ్డ కింద తోసింది.

"ఏం బావా, గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డట్టుంది మొహం? అక్క చీవాట్లు పెట్టిందా?" అంటూ గసగసాల రొట్టె ఒకటి లాక్కుని నోట్లో కుక్కుకున్నాడు. "ఫాదర్ గారు కూడా ఇవాళ ప్రసంగం సగానికి కోసేశారు. ఆటకి ముందువరసలో సీటు దొరకదని ఆయన భయం!"

"ఒరేయ్ వింకో" అంది ఒటీలియా. "ఇవాళ ఆడకురా."

"మొదలెట్టావూ? పోయిన ఆదివారం ఇదే పాట. అంతకుముందు ఆదివారం కూడా."

"ఇవాళ నిజంగా చెబుతున్నాను. నా మీద ఒట్టు."

"ఊరుకో అక్కా. ఇవాళ ఇంట్లో కూర్చుంటే రేపు ఫ్యాక్టరీ గేటు దగ్గర నాకు గౌను తొడుగుతారు. ఏం వుడ్డూ, నువ్వు ముందుండి దారి చెయ్యి, నేను వెనకాల వచ్చేస్తా. ఆ బ్లేక్‌గాడి మొహం దగ్గర్నుంచి చూడాలని ఉంది నాకు."

వుడ్ నవ్వడానికి ప్రయత్నించాడు. వింకో ఇంకో రొట్టె తీసుకుని ఈలవేసుకుంటూ మేడ మీదికి పోయాడు. వాడి బూట్ల చప్పుడు తలల మీద టకటకమంటుంటే కింద ముగ్గురూ పైకి చూస్తూ ఉండిపోయారు.

"వాడికి చెప్పేస్తాను" అంటూ లేచాడు మిరో.

"వద్దన్నా" అన్నాడు వుడ్. "తెలిస్తే ఒక అడుగు తడబడుతుంది. తడబడినవాడే విరుగుతాడు. నాకంటే మీకే బాగా తెలుసు."

తెలుసు. అందుకే మిరో మళ్ళీ కూర్చున్నాడు. ఎదుటివాడు మీదికొస్తున్నాడని కాలు వెనక్కి లాగితే ఆ కాలే పోతుంది. పోనీ గ్రూబర్‌తో చెబుదామా? గ్రూబర్ ముందు వుడ్ తల పగలగొడతాడు, ఆ తర్వాత పూచీ పడ్డవాడి తల. పోయినేడు ఇదే జట్టులో బార్ట్ హేన్స్ మూడుసార్లు బంతి జారవిడిచాడు. వర్షం పడి బంతి సబ్బుముక్కలా ఉంది పాపం. అమ్ముడుపోయాడన్నారు. అతని ఇంటి అద్దాలన్నీ పగిలాయి, పిల్లల్ని బళ్ళో ఎవరూ పక్కన కూర్చోనివ్వలేదు, వారం తిరక్కుండా పెట్టేబేడా సర్దుకుని పోయారు. ఆ అద్దాల మీద రాయి వేసినవాళ్ళలో మిరో లేడు. ఆపినవాళ్ళలో కూడా లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెండింటి మధ్యన అతనికి నిలబడడానికి జాగా కూడా లేదు.

"లేచేలా పడేస్తానన్నావు" అన్నాడు చివరికి. "చూపించు."

పెరట్లో క్యాబేజీ మడి పక్కన కాస్త మెత్తటి నేల ఉంది. ఒటీలియా బట్టల తీగ పక్కకి జరిపి గుమ్మంలో నిలబడింది. మిరో కంచె దగ్గరికి వెళ్ళి, గుమ్మడికాయంత రాయి చంకలో పెట్టుకుని, బంతి అనుకుని, ఉన్న బలమంతా పెట్టి పరిగెత్తాడు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, దున్నపోతు బరువు. వుడ్ ఎదురొచ్చాడు. భుజం నడుముకు తగలడం తెలిసింది. కాళ్ళు నేల విడిచాయి. ఆకాశం గిర్రున తిరిగింది. చెవి పక్కన పెద్ద చప్పుడు, ఒటీలియా కెవ్వున అరిచింది.

మిరో కళ్ళు తెరిచాడు. క్యాబేజీ ఆకుల్లో వెల్లకిలా పడి ఉన్నాడు. తల కింద వుడ్ అరచెయ్యి ఉంది. పడుతున్నప్పుడే అక్కడ పెట్టాడు. చేతులు కదిపి చూసుకున్నాడు, కాళ్ళు కదిపి చూసుకున్నాడు. ఎక్కడా నొప్పి లేదు.

"ఇది ఒకటి" అన్నాడు వుడ్ అతని మీద వంగి, ఆయాసపడుతూ. "రెండోది కూడా ఇక్కణ్ణుంచే అన్నా. ఇంతే దూరం. ఈ చెయ్యి తీసేసి ఇక్కడ మోకాలు పెడతారు." మిరో గొంతు పక్కన వేలితో తాకాడు. మెత్తగానే తాకాడు.

ఆ వేలు తగలగానే మిరోకి చిన్నప్పుడెప్పుడో పోయిన ఏడుపు వచ్చినంత పనైంది. ఈ కుర్రాడికి వింకోని బతికించడం వచ్చు. చంపడమూ వచ్చు. రెండూ ఒకే చెయ్యి. మధ్యాహ్నం ఆ చెయ్యి ఏం చేస్తుందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

ఒటీలియా దగ్గరికొచ్చింది. మొగుణ్ణి లేపలేదు. వుడ్ ఎదురుగా నిలబడింది. ఆవిడ తల అతని రొమ్ము దాకానే వస్తుంది.

"నీ పేరు చెప్పు."

"అక్కా, అది మాత్రం..."

"వుడ్ ఇచ్చిన మాట నాకెందుకురా? బ్లేక్ ఇచ్చిన మాట నాకెందుకు? వాళ్ళిద్దరూ సాయంత్రం రైలెక్కితే గాలిలో కలిసిపోతారు. మీ అమ్మ పెట్టిన పేరుతో మాట ఇవ్వు."

"ఆ పేరు బయటికొస్తే నా చదువు పోతుంది. మా నాన్న గడప తొక్కనివ్వడు."

"నా తమ్ముడు పోతే నాకు ఏం మిగులుతుందో లెక్క చెప్పనా?"

అతను కంచె వైపు చూశాడు. పక్కింటివాళ్ళ వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడుతోంది. గొంతు తగ్గించాడు.

"ఆంబ్రోస్ థేయర్."

"ఆంబ్రోస్ థేయర్" అంది ఒటీలియా ఒక్కో అక్షరం నాలుక మీద నిలుపుకుంటూ. "వింకో లేవకపోతే ఆ పేరు ఒహాయోలో ప్రతి వీధిలో నేనే అరుస్తాను. వాడు లేస్తే ఇప్పుడే మర్చిపోయాను. వెళ్ళు, నీ ఎర్ర చొక్కా తీసుకో. మోచెయ్యి కుట్టి ఇస్తానాగు."

నిజంగానే కుట్టి ఇచ్చింది.  చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెత్తుతుందనిపించిందేమో.

*

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా మైదానం చుట్టూ చేరింది. చోటు చాలనివాళ్ళు బొగ్గు బండీల మీద, గోదాం కప్పు మీద ఎక్కారు. కార్విల్ వాళ్ళు రెండు రైళ్ళ నిండా దిగారు. గ్రూబర్ టోపీ చేత్తో పట్టుకుని తిరుగుతున్నాడు.

"వుడ్ ఏడీ? మిరో, వుడ్ ఏడిరా?"

మిరో నేల చూపులు చూశాడు. అంతలోనే అవతల గట్టు మీద కేకలు లేచాయి. ఎర్ర చొక్కాలు మైదానంలోకి వస్తున్నాయి. నాలుగోవాణ్ణి చూసి గ్రూబర్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత నీలం చొక్కాలవాళ్ళు ఒక్కొక్కరే చూశారు. తర్వాత జనం చూశారు. మొన్న చర్చి మెట్ల మీద తమతో చేతులు కలిపిన వుడ్ ఎర్ర చొక్కాలో కార్విల్ వాళ్ళ పక్కన నిలబడ్డాడు. జనంలోంచి వచ్చింది అరుపు కాదు, అదొక రకమైన మూలుగు.

గ్రూబర్ మిరో కాలరు పట్టుకున్నాడు. "నీ ఇంట్లో తిన్నాడు కదరా! పూచీ అన్నావు కదరా!"

"తర్వాత మాట్లాడదాం."

"అంకెలన్నీ వాడికి తెలుసు! తర్వాతేమిట్రా తర్వాత?"

నీలం చొక్కాలు పది మంది మిరో చుట్టూ మూగారు. పదేళ్ళుగా పక్కపక్కన నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళు. ఇప్పుడు కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఒకడు "హేన్స్" అని గొణిగాడు. ఇంకొకడు వాడి డొక్కలో పొడిచాడు. మొదటి పరుగు ఎటు అన్నది కెప్టెన్ మాట. అందరూ ఆ మాట కోసం చూస్తున్నారు.

"ఎడమకి" అన్నాడు మిరో. "వింకోకి బంతి. ఎడమ కొస మీదుగా."

ఎవరూ కదల్లేదు. ఎడమ కొసనే వుడ్ నిలబడి ఉన్నాడు. అందరికీ కనబడుతున్నాడు.

"బావా" అన్నాడు వింకో. ఎప్పుడూ ఉండే వెటకారం గొంతులో లేదు. దగ్గరికొచ్చాడు. "ఆ అంకె వాడికి తెలుసు. వాడు అటే ఉన్నాడు. అటే పంపిస్తావా నన్ను?"

చెప్పేద్దామని మిరోకి నోటిదాకా వచ్చింది. రాగిజుట్టు నుదుటి మీద చెమటకి అంటుకుని ఉంది. పెళ్ళైన కొత్తలో వీడు రాత్రిళ్ళు భయపడి వచ్చి అక్కాబావల మధ్య దూరి పడుకునేవాడు. ఒక్క అడుగు తడబడితే చాలు.

"అటే" అన్నాడు.

వింకో ఒక్క క్షణం బావ కళ్ళలోకి చూశాడు. తర్వాత తల ఊపి, తోలు టోపీ కిందికి లాక్కున్నాడు. "సరే. నువ్వు చెప్పావు, చాలు" అని వెనక్కి వెళ్ళి తన చోట నిలబడ్డాడు.

మిరో బంతి దగ్గరికి నడిచాడు. జనంలో ఒటీలియా ఎక్కడుందో వెతకలేదు. వెతికితే చేతులు పనిచెయ్యవని తెలుసు. ఎడమ కొసన థేయర్ మోకాళ్ళ మీద చేతులానించి వంగి ఉన్నాడు. కుడి మోచేతి మీద ఒటీలియా వేసిన ముక్క కనబడుతోంది. ఒక్కసారి ఇటు చూశాడు. కనురెప్ప వాల్చాడు. కెస్లర్ అవతల, కుడి చివర, నేల మీద ఉమ్మి అరచేతులు రుద్దుకుంటున్నాడు. వాడు అక్కడే ఉంటే చాలు. వింకో ఎడమకి పోయి, థేయర్ చేతుల్లో పడి, లేచి వస్తాడు. చాలు దేవుడా, అంతే.

బంతిని నేల మీంచి వెనక్కి విసిరి ఆట మొదలుపెట్టాల్సింది మిరోనే. వంగి, తల కాళ్ళ మధ్యకి దించి, వెనకున్న వాణ్ణి చూసి అందించాలి. ఆ కాసేపూ ఎదురుగా ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారో అతనికి కనబడదు. వంగాడు. తలకిందులుగా వింకో కనిపించాడు. చేతులు ముందుకు చాచి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడు. నవ్వులాటకైనా దేవుణ్ణి తలవని వెధవ ప్రార్థన చేస్తున్నాడు.

వెనక నుంచి అంకెలు మొదలయ్యాయి. మొదటి అంకె. రెండో అంకె. అప్పుడు ఎదురుగా టట్‌హిల్ గొంతు ఏదో ఒక్క మాట గట్టిగా అరిచింది. గడ్డి మీద బూట్లు గబగబా కదిలిన చప్పుడైంది.  తల ఎత్తాలి. ఎత్తితే బంతి తప్పుతుంది. మూడో అంకె పడింది. పదేళ్ళ అలవాటున చేతులు వాటంతటవే పనిచేశాయి, బంతి వెళ్ళిపోయింది.

మిరో తలెత్తాడు.

ఎడమ కొసన కెస్లర్ ఉన్నాడు. టట్‌హిల్ ఇద్దరి చోట్లూ మార్చేశాడు. థేయర్ అవతల చివర నుంచి వాళ్ళ సొంత మనుషుల్నే తోసుకుంటూ, చేతులెత్తి, నోరంతా తెరిచి అరుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. జనం హోరులో ఒక్క ముక్క వినబడలేదు. వెనక నుంచి వింకో అడుగులు మాత్రం మిరోకి స్పష్టంగా వినిపించాయి. ఎక్కడా తడబడకుండా, బావ చెప్పినట్టే, అవి ఎడమకి తిరిగాయి.